ఎడమ పక్క చూపించని డాక్టరు

వ్యోమగాములు అబద్ధాలు చెబుతారు. అందరికీ కాదు. భార్యలకీ, పత్రికలవాళ్ళకీ, సెనేటర్లకీ చాలావరకు నిజాలే చెబుతారు. డాక్టర్లకి మాత్రం చచ్చినా చెప్పరు. హ్యూస్టన్‌లో ఇరవై రెండేళ్ళు ఫ్లైట్ సర్జన్‌గా పనిచేశాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఫ్లైట్ సర్జన్ అంటే కత్తి పట్టుకుని కోసేవాళ్ళం కాదు. ఎవరు ఎగరడానికి పనికొస్తారో, ఎవరు పనికిరారో కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళం. ఆ సంతకం వల్లే మా మొహం చూస్తే వాళ్ళకి గుబులు. మా గదిలోకి వచ్చిన వ్యోమగామి మహా అయితే ఎలా వచ్చాడో అలా బయటికి వెళ్తాడు, లేకపోతే ఉన్న సీటు పోగొట్టుకుని వెళ్తాడు. లాభం అన్నది లేదు. అందుకని వాళ్ళలో పాతవాళ్ళు కొత్తవాళ్ళకి మొదటి రోజే ఒక పాఠం చెప్పేవారు. డాక్టరు ఎలా ఉన్నావని అడిగితే నవ్వి, వాతావరణం గురించి మాట్లాడమని.

ఒకాయన కాలి వేలు విరగ్గొట్టుకుని ఆరు వారాలపాటు రెండు సైజులు పెద్ద బూట్లు వేసుకు తిరిగాడు. ఇవేమిటని అడిగితే తాతగారి బూట్లని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకొకాయనకి గొంతు పూర్తిగా పోతే మూడు రోజులు సమావేశాల్లో తల ఊపుతూ గడిపాడు. ఎదుటివాళ్ళు చెప్పేది ఓపిగ్గా వింటాడని ఆ వారమే ఆయనకి మంచి పేరు వచ్చింది. కంటి పరీక్ష బోర్డు మీది అక్షరాలని బట్టీ పట్టడం గురించి అయితే చెప్పక్కర్లేదు, వాళ్ళ పిల్లలకి కూడా వచ్చు.

వీళ్ళ ఆటలు కట్టించిన మనిషి ఒక్కడే, డాక్టర్ హార్లన్ టీగ్. నాకు పైఅధికారి, పని నేర్పినవాడు. పొద్దున్నే కాఫీ కప్పుతో పార్కింగ్ దగ్గర నిలబడి, ఎవరు కారులోంచి ఎలా దిగుతున్నారో చూసేవాడు. కరచాలనం చేసి చెయ్యి రెండు సెకన్లు ఎక్కువ పట్టుకునేవాడు, అదంతా ఆప్యాయత అనుకునేవారు అమాయకులు. సూపర్‌మార్కెట్లో మందుల అర దగ్గర ఎదురుపడి, "ఏంటి, దగ్గు మందా? ఎవరికి?" అని పలకరించేవాడు. కంటి బోర్డుని పరీక్షకి పది నిమిషాల ముందు మార్చేసేవాడు.

"వెరా, వాళ్ళు చెప్పేది వినకు. నడక చూడు" అనేవాడు నాతో.

కిడ్నీలో రాళ్ళ గురించి మా రూల్సు పుస్తకంలో ఉన్న పేజీ కూడా ఆయనదే. బరువు తెలియని చోట ఎముకలు కరిగి, ఆ సున్నం కిడ్నీల్లోకి చేరుతుంది. కింద ఉన్నప్పుడు ఊరుకున్న రాయి అక్కడ కదులుతుంది. ఆ నొప్పి వస్తే ఎంతటివాడైనా నేల మీద పడి దొర్లాల్సిందే, అక్కడేమో దొర్లడానికి నేల కూడా ఉండదు. కాబట్టి రాయి ఉన్నవాడు ఎగరకూడదు, తీయించుకున్నా ఆరు నెలలు ఆగాలి. మూడు చాలు కదా అన్నాను నేను. ఆరే అన్నాడు ఆయన. ఆ పేజీ పుణ్యమా అని ఇద్దరి ప్రయాణాలు పోయాయి. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ నాకు క్రిస్మస్ కార్డు పంపడు.

ఇలాంటి మనిషి నలభయ్యో ఏట తానే వ్యోమగామి కావాలని దరఖాస్తు పెట్టాడు. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరికట. మాతో ఒక్క ముక్క అనలేదు. ఎంపికయ్యాడు కూడా. దొంగల ముఠాలోకి పోలీసు వచ్చి చేరినట్టయింది వాళ్ళ పని. కొత్తవాళ్ళకిచ్చిన విందులో ఆయన పళ్ళెం పట్టుకుని వస్తుంటే బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. దగ్గుతున్న ఒకాయన దగ్గుని మధ్యలో మింగేశాడు.

కుర్చీ జరిపినవాడు బూన్ లెడ్‌బెటర్ ఒక్కడే. ఓక్లహోమాలో ఆవుల మందల మధ్య పెరిగి, నౌకాదళంలో విమానాలు నడిపి వచ్చిన పైలెట్. చెవిలో చీము పట్టిందని అంతకు ముందే టీగ్ ఇతన్ని ఎనిమిది నెలలు ఎగరకుండా కూర్చోబెట్టాడు.

"రండి డాక్, కూర్చోండి. నా చెవి భేషుగ్గా ఉంది, అడక్కముందే చెప్తున్నా" అన్నాడు బూన్.

"ఏ చెవి?"

"మీరు ఏది అడిగితే అది."

ఆ తర్వాత పదకొండేళ్ళు. రెండుసార్లు టీగ్ పేరు జట్టులో వేశారు. మొదటిసారి ఆ ప్రయాణమే రద్దయింది. రెండోసారి ఆయన సీటుని ఎవరో విదేశీ అతిథికిచ్చారు. మూడోసారి వేసేసరికి ఆయనకి యాభై ఒకటి. ఇదే చివరిదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

ఖాళీగా కూర్చునే మనిషి కాదు కాబట్టి ఈ పదకొండేళ్ళూ ఇంటి గరాజులో ఒక యంత్రం మీద పడ్డాడు. ఆసుపత్రుల్లో ఫ్రిజ్ అంత ఉండే స్కానింగ్ మిషన్ని కోసి, కుదించి, చివరికి టిఫిన్ డబ్బా అంత చేశాడు. బరువు నాలుగు కిలోలు. అంతకంటే ముఖ్యం, దాన్ని డాక్టరు కాని మనిషి కూడా వాడగలగాలని ఆయన పట్టుదల. బొమ్మలున్న అట్ట ఒకటి తయారుచేశాడు. ఒంటికి ఆనించే ఈ ప్రోబ్ ఇక్కడ పెట్టు, ఇలా తిప్పు, ఇది కనిపిస్తే ఇది లివర్, అని.

"ప్రతిసారీ డాక్టరు పైకి వెళ్ళడు. పైలెట్ చెయ్యగలిగితేనే ఇది యంత్రం. లేదంటే నేను ఆడుకునే బొమ్మ" అనేవాడు.

ఆ పైలెట్ బూనే, ఎందుకంటే ఈసారి ఇద్దరూ ఒకే జట్టు. ఏడు నెలలు వారానికి మూడు రోజులు టీగ్ చొక్కా ఎత్తి పడుకునేవాడు, బూన్ ఆయన పొట్టకి జెల్ పూసి వెతికేవాడు. అప్పుడప్పుడూ నేను వెళ్ళి చూసేదాన్ని. అంత మంచి కాలక్షేపం మా ఆఫీసులో మరొకటి లేదు.

"డాక్, ఇది టీవీలో వాతావరణ సూచనలా ఉంది. కుడివైపు నుంచి తుఫాను వస్తోంది" అనేవాడు బూన్ తెర చూసి.

"అది పిత్తాశయం."

"దీన్లో ఏదో నీళ్ళలా ఉంది. కంగ్రాచులేషన్స్, మగపిల్లాడు."

"అది మూత్రాశయం. తొందరగా కానీ, నిండిపోయి ఉంది."

ఒకరోజు విసుగొచ్చి, "మా మావయ్యకి ఇవన్నీ అక్కర్లేదు డాక్. ఆవు వెనక నిలబడి భుజందాకా చెయ్యి పెట్టి, కడుపుతో ఉందో లేదో చెప్పేసేవాడు" అన్నాడు.

"నా విషయంలో యంత్రమే వాడు బూన్" అన్నాడు టీగ్.

నాలుగో నెలకి బూన్ చెయ్యి కుదురుకుంది. ఆరో నెలకి నాకే ఈర్ష్య పుట్టేంత బాగా పట్టుకునేవాడు ప్రోబ్‌ని. అయితే చివరి వారాల్లో టీగ్ ఎప్పుడు చూసినా ఎడమ పక్క గోడకి ఆనించి, కుడి పక్కే ఇచ్చేవాడు.

"ఎడమ కిడ్నీ అసలు చూడనే లేదు మనం" అని బూన్ అంటే, "రెండూ ఒకటే. దేవుడు ఒకదాన్ని చూసి ఇంకోటి చేశాడు" అని కొట్టిపారేశాడు. పక్కన పెద్ద నీళ్ళ సీసా ఒకటి ఉండేది. రోజుకి మూడుసార్లు నింపేవాడు. అంత నీళ్ళెందుకని నేనడిగితే హ్యూస్టన్ ఎండలన్నాడు. సరే కదా అని నేను ఆయన నేర్పినట్టే నడక చూశాను. నడక రాజాలా ఉంది.

ప్రయాణం ఇంకా ఐదు వారాలుందనగా నార్మన్ ఫెల్ట్స్ దిగాడు. అంతరిక్షానికి వెళ్ళే షటిల్‌లోకి ఎక్కే ప్రతి వస్తువు బరువూ ఇతని చేతిలో ఉండేది. టూత్‌బ్రష్ పిడి సగానికి కోయించిన మనిషి. చెడ్డవాడు కాదు, కానీ నాలుగు కిలోలంటే అతనికి రాత్రి అన్నం సయించదు. యంత్రం కావాలంటే పరీక్ష పెట్టాల్సిందేనన్నాడు. బూన్ ఒక్కడే, ఎవరి సాయం లేకుండా, ఆరు అవయవాలు వెతికి తెర మీద చూపించాలి. డాక్టర్లు నోరెత్తకూడదు. ఒక్కటి తప్పినా యంత్రం కిందే ఉంటుంది.

"ఆరా? నేనిచ్చిన జాబితాలో ఐదేగా ఉన్నాయి" అన్నాడు టీగ్.

"మీరు కిడ్నీ అని ఒక్కటే వేశారు డాక్టర్. మనిషికి రెండుంటాయని మా ఆవిడ చెప్పింది" అన్నాడు ఫెల్ట్స్.

పరీక్ష రోజున పడుకోవడానికి టీగ్ మా క్యాంటీన్ వంటవాడు ఓటిస్‌ని పిలుచుకొచ్చాడు. ఓటిస్ నూట ముప్పై కిలోల మనిషి. పొద్దున ఆరు గుడ్లు తిని మరీ వచ్చాడు. ఫెల్ట్స్ అతన్ని పైనుంచి కిందికీ, ఈ చివర నుంచి ఆ చివరికీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"పైకి వెళ్ళేవాళ్ళలో ఈ కొలత మనిషి లేడు. ఇతను ఎక్కితే నేను ఉద్యోగం మానేస్తా. జట్టులోవాళ్ళే పడుకోవాలి."

జట్టులో మిగిలినవాళ్ళు ఆ రోజు ఫ్లోరిడాలో ఉన్నారు. ఓటిస్ చొక్కా దించుకుని, కాస్త నొచ్చుకుని వెళ్ళిపోయాడు. టీగ్ గడియారం చూశాడు, తలుపు చూశాడు, నన్ను చూశాడు.

"నా పొట్ట బూన్‌కి కంఠతా వచ్చు నార్మన్. న్యాయం కాదు" అన్నాడు.

"అంతా రాదండీ" అన్నాడు బూన్ నిజాయితీగా. పాపం, గురువుకి మేలు చేస్తున్నాననుకున్నాడు. "ఎడమవైపు నేనెప్పుడూ చూడలేదు. అది ఎవరి పొట్టయినా ఒకటే నాకు."

"మంచిది. పడుకోండి డాక్టర్" అన్నాడు ఫెల్ట్స్.

టీగ్ పడుకున్నాడు. నేను ఆయన తల దగ్గర అట్ట పట్టుకుని నిలబడ్డాను. తెర బూన్ వైపూ ఫెల్ట్స్ వైపూ తిరిగి ఉంది, నాకు కనిపించదు. లివర్, పిత్తాశయం, ప్లీహం, మూత్రాశయం, కుడి కిడ్నీ అన్నీ చకచకా వచ్చేశాయి. ఒక్కొక్కటీ చూపించి బూన్ దాని గురించి రెండు ముక్కలు కూడా చెప్పాడు. తెర మీద పొగమంచు తప్ప ఏమీ తెలియని ఫెల్ట్స్ అట్ట మీది బొమ్మతో పోల్చుకుని, ఇష్టం లేకుండానే టిక్కులు పెట్టాడు.

బూన్ ఎడమవైపుకి వచ్చాడు. పక్కటెముకల కింద ప్రోబ్ పెట్టి నెమ్మదిగా తిప్పాడు. చెయ్యి ఆగింది. కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. ఆ తర్వాత ప్రోబ్‌ని పైకి తీసేశాడు.

"దొరకలేదు సార్."

"ఏది?"

"కిడ్నీ సార్. ఈయనకి ఎడమది ఉన్నట్టు లేదు సార్."

ఫెల్ట్స్ కలం ఆపి చూశాడు. "లేకపోవడమేంటి?"

"అంటే, ఉంటే ఉండొచ్చు సార్. యంత్రం మబ్బేసింది. ఈ పక్కకి ఇది పనిచెయ్యదనుకుంటా సార్."

బూన్ అబద్ధం చెప్పేటప్పుడు ప్రతి ముక్కకీ సార్ తగిలిస్తాడు. పదకొండేళ్ళుగా నాకు తెలుసు. ఏడు నెలలు ఈ యంత్రంతో కుస్తీ పట్టినవాడు ఐదు సెకన్లలో చేతులెత్తెయ్యడని కూడా తెలుసు. టీగ్ మొహం చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. నీళ్ళ సీసా, గోడకి ఆనించిన ఎడమ పక్క, అన్నీ ఒక్కసారి నా బుర్రలోకి వచ్చి కూర్చున్నాయి. బూన్ చూసిందేమిటో తెర చూడకుండానే నాకు అర్థమైంది.

డాక్టర్లు నోరెత్తకూడదని ఫెల్ట్స్ పెట్టిన రూలు నాకు ఆ క్షణంలో ఎంత నచ్చిందో చెప్పలేను. నోరు మూసుకున్నాను. పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషి ఇంకో ఐదు వారాల్లో ఎగరబోతున్నాడు, నేను ఒక్క నిమిషం చెవిటిదాన్నీ గుడ్డిదాన్నీ అయితే చాలు. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"ఆరింటికి ఐదు" అన్నాడు ఫెల్ట్స్. మొహం విప్పారింది. ఆ నాలుగు కిలోలూ ఎవరికి పంచాలో అప్పుడే లెక్కలు వేసుకుంటున్నట్టున్నాడు. "సారీ డాక్టర్. యంత్రం పనిచెయ్యలేదని వేస్తున్నా. మీరు మాత్రం హాయిగా వెళ్ళి రండి."

"నార్మన్, ఒక్క నిమిషం ఆగు" అన్నాడు టీగ్.

లేచి కూర్చోలేదు. చేతిని తల కింద పెట్టుకుని కుడివైపుకి ఒత్తిగిలాడు. ఎడమ పక్క మొత్తం పైకి వచ్చింది.

"బూన్, మళ్ళీ పెట్టు."

"అక్కర్లేదు సార్. చూశాగా."

"నన్ను సార్ అనకు. పెట్టు."

"డాక్టర్లు మాట్లాడకూడదు" అన్నాడు ఫెల్ట్స్.

"నేనిప్పుడు రోగిని. రోగులు మాట్లాడతారు, వాళ్ళని ఆపడం ఎవరివల్లా కాదు. బూన్, ఊపిరి బిగబడుతున్నా. పెట్టు."

బూన్ నా వైపు చూశాడు. నేను అట్ట వైపు చూశాను. పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది?"

"కిడ్నీ."

"ఉందన్నమాట. సంతోషం. అందులో?"

బూన్ తెర మీంచి కళ్ళు తిప్పుకున్నాడు.

"అందులో ఏముంది బూన్?"

"మీకెందుకు డాక్ ఇప్పుడు? కిడ్నీ చూపించమన్నారు, చూపించా. ఆయన టిక్కు పెట్టుకుంటాడు. మనం ఇంటికి పోదాం."

"ఏడు నెలలు నీకు నా పొట్ట అప్పగించాను. ఏముందో చూసి కూడా చెప్పని పైలెట్ చేతిలో ఈ యంత్రం ఉంటే ఎంత, లేకపోతే ఎంత? చెప్పు."

"తెల్లటి చుక్క" అన్నాడు బూన్ గొంతు తగ్గించి. "దాని వెనక నల్లటి నీడ."

"నీడ ఉంటే దాన్నేమంటాం?"

"రాయి."

"కొలువు."

బటన్లు నొక్కిన చప్పుడు. "ఆరు మిల్లీమీటర్లు."

"బాగుంది" అన్నాడు టీగ్, ఊపిరి వదిలి. "బాగా చేశావు."

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఫెల్ట్స్ తన కాగితం మీద చివరి టిక్కు పెట్టి, రబ్బరు స్టాంపు తీసి గట్టిగా కొట్టాడు. గదిలో ఏం జరిగిందో అతనికి ఏమీ తెలియలేదు.

"ఆరింటికి ఆరు, పైన ఇంకోటి అదనం. ఒప్పుకున్నాను డాక్టర్. కంగ్రాచులేషన్స్, పైకి వెళ్తోంది." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ రాయికి నీళ్ళు బాగా తాగండి. మా బావమరిదికి కూడా వచ్చింది. అరిచిన అరుపులకి పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు."

అతను వెళ్ళాక బూన్ ప్రోబ్‌ని బల్ల మీద పడేశాడు.

"మీరు నన్ను ఎనిమిది నెలలు కింద కూర్చోబెడితే నేనేమన్నా అన్నానా? ఇవాళ మీకోసం ఒక్క అబద్ధం చెప్తే అదీ చెప్పనివ్వరే. ఏం మనిషండీ మీరు?"

"అబద్ధం అలాగేనా చెప్పేది? కిడ్నీ లేదన్నావు." టీగ్ పొట్ట మీది జెల్ తుడుచుకుంటూ నవ్వాడు, కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "రాయి ఉందని నాకు మూడు వారాలుగా అనుమానం. దాచుకుని వెళ్ళిపోదామనే అనుకున్నా. అబద్ధమెందుకు, ఇవాళ పొద్దున కూడా అదే అనుకున్నా. కానీ యంత్రం పనిచెయ్యదని కాగితం మీద పడితే ఇంకో పదేళ్ళు దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది మాత్రం నావల్ల కాలేదు."

"మూడు వారాలా?" అన్నాను నేను. అంతదాకా వచ్చిన ఏడుపంతా కోపంగా మారింది. "నేను రోజూ మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను కదా హార్లన్. నా ముందు నుంచే ఆ నీళ్ళ సీసా మోసుకుపోయారు."

"నీ కళ్ళు నా కాళ్ళ మీద ఉన్నాయి వెరా. నొప్పి నడుములో ఉంది."

కొట్టాలనిపించింది. బదులుగా, ఎగరడానికి పనికిరాడని రాసే ఫారం తీసి నింపాను, ఆయనే రూల్సు పుస్తకంలో పేజీ నంబరు చెప్పాడు. చూసుకోకుండానే. రాయిని వెంటనే పగలగొట్టించుకుంటే ఎలా ఉంటుందని బూన్ అడిగాడు. ఆరు నెలలు ఆగాలి కదా అన్నాను. మూడు చాలని అప్పట్లో నేనన్న సంగతి ఎత్తలేదు, టీగ్‌కీ గుర్తుందని మొహంలో తెలిసిపోయింది. నేను సంతకం పెడుతుంటే అడిగాడు.

"నాకు ఇంకో అవకాశం వస్తుందంటావా?"

"రాదు" అన్నాను.

"అదే, నేనూ అనుకున్నా" అని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నాడు.

ఆయన సీటులోకి రాళ్ళూ మట్టీ చదువుకున్న ఒక భూగర్భ శాస్త్రవేత్తని వేశారు. ఈ వార్త విని మా వ్యోమగాములు రెండు రోజులు నవ్వలేక, నవ్వాపుకోలేక నానా అవస్థ పడ్డారు. టీగ్ కోపగించుకోలేదు. మెట్లు ఎక్కి దిగడం, తాడాట ఆడటం, బాల్చీలకొద్దీ నీళ్ళు తాగడం, ఎవరు ఏం చెబితే అది చేశాడు. రాయి కదల్లేదు. ఐదు వారాలకి షటిల్ ఆయన లేకుండా ఎగిరింది. ఆ రోజు ఆయన నా పక్కనే నిలబడి తెర మీద చూశాడు. నేను ఆయన్ని కదిలించలేదు.

ప్రయాణం మూడో రోజు పొద్దున పైన బూన్ యంత్రం తెరిచాడు. కమాండర్ పొట్ట మీద పరీక్ష. కింద మా గదిలో, పైనుంచి వచ్చే బొమ్మని తెర మీద చూస్తూ టీగ్ చెవులకి ఫోన్లు తగిలించుకుని దారి చెబుతున్నాడు, నేను పక్క కుర్చీలో ఉన్నాను. బరువు లేకపోయేసరికి అవయవాలన్నీ కాస్త పైకి జరిగి ఉంటాయి, అట్ట మీది బొమ్మలకి సరిపోవు. బూన్ తడుముకుంటున్నాడు.

"ఇంకాస్త పైకి. పక్కటెముక కిందికి తిప్పు, తిప్పు... అబ్బా" అన్నాడు టీగ్.

"అబ్బా అంటే పైకా, కిందికా డాక్?"

నేను తలెత్తి చూశాను. టీగ్ మొహం సున్నం కొట్టినట్టుంది. ఒక చెయ్యి ఎడమ నడుము మీద ఉంది.

"పైకే. ఓరి నాయనో."

"అంత ఘోరంగా చేస్తున్నానా?"

"లేదు. బాగానే చేస్తున్నావు. ఆఁ... ఆగకు."

"మూలుగుతుంటే ఎలా చెయ్యను డాక్? కమాండర్ భయపడుతోంది."

"ఆమెని వాతావరణం గురించి మాట్లాడమను" అన్నాడు టీగ్, కుర్చీలోంచి జారి బల్ల కిందికి వెళ్ళిపోతూ. ఫోన్ల తీగ పట్టుకుని నేనూ కిందికి దిగాను. నొప్పి సూది మందు తెప్పించాను. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కార్పెట్ మీద పడి ఉన్న మనిషి నా చెయ్యి తోసేశాడు. బొమ్మ వచ్చేదాకా మత్తు వద్దట.

"వెరా, తెర మీద ఏం కనిపిస్తోంది?"

"కిడ్నీ. కుడిది" అన్నాను, మెడ బయటికి సాచి.

"రెండోది చూడు బూన్. రెండూ... అమ్మా... రెండూ చూడాలి."

చూశాడు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు గాని టీగ్ నా చేతికి తన చెయ్యి ఇవ్వలేదు. చక్రాల కుర్చీలో తీసుకువెళ్తుంటే, "నేను పైన ఉండి ఉంటే మీరీపాటికి షటిల్‌ని దించుతూ ఉండేవాళ్ళు" అన్నాడు. నేను కూడా అప్పటికి అదే అనుకుంటున్నాను. పదకొండేళ్ళలో ఎవరి మీదా కలగనంత కృతజ్ఞత నాకు ఆ ఆరు మిల్లీమీటర్ల రాయి మీద కలిగింది, ఎవరితోనూ చెప్పుకునేది కాదనుకోండి.

మధ్యాహ్నానికి రాయి బయటపడింది. వడగట్టే వల గిన్నెలో పట్టి, కడిగి, ఆరబెట్టి, స్కేలు తెప్పించుకుని మరీ కొలిచాడు. మంచం మీద కూర్చుని మూడుసార్లు కొలిచాడు. నొప్పంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

మర్నాడు పొద్దున జట్టుతో నేను మాట్లాడే సమయంలో టీగ్ వచ్చి నా చెవుల ఫోన్లు లాక్కున్నాడు.

"బూన్, బయటికొచ్చింది. ఆరున్నర ఉంది. నువ్వు ఆరన్నావు."

పైనుంచి బూన్ గొంతు వచ్చింది.

"ఆ రోజు నా చెయ్యి వణికింది డాక్."

"తెలుసు" అన్నాడు టీగ్. "పొట్ట నాదే కదా."